ఎడారిలో సకుటుంబయాత్ర

నేను ముప్పదిరెండు సంవత్సరములు అనంతపురము జిల్లాలో భూగోళశాస్త్రము బోధించిన ఉపాధ్యాయుడను. గోడకు తగిలించిన పటముమీద బెత్తముతో కొలరాడో నదిని చూపి, ఇది ఒక మైలు లోతుగల లోయను త్రవ్వినదని ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్క లేదు. ఆ లోయను కన్నులార చూతునని మాత్రము ఎన్నడును అనుకొనలేదు. మా అబ్బాయి అమెరికాదేశమున అరిజోనా రాష్ట్రములోని ఫీనిక్సు నగరమున ఉద్యోగము చేయుచుండుటచే ఆ భాగ్యము ముసలితనమున లభించినది. ఒకసారి కాదు, రెండుసార్లు లభించినది. మొదటిసారి 2023 జూన్ నెలలో. రెండవసారి 2024 అక్టోబరులో. ఈ ప్రసంగమున నేను చెప్పదలచినది రెండవయాత్రకు మేము వేసికొనిన ప్రణాళికను గూర్చి. అయితే మొదటియాత్ర సంగతి చెప్పనిదే రెండవదానికి అర్థముండదు.

శ్రోతలలో చాలమందికి కొడుకులో, కూతుండ్రో, మేనల్లుండ్రో ఆ దేశమున నున్నారు. మీరును ఎప్పుడో యొకప్పుడు పోవుదురు. పిల్లలు మిమ్ము కారులో కూర్చుండబెట్టి, పదండి, ఎడారిలోని జాతీయోద్యానవనములు చూపెదమందురు. ఆనాడు ఈ మాటలు మీకు జ్ఞప్తికి వచ్చిన చాలును.

ఎడారి యనగానే మన కన్నులయెదుట ఇసుకతిన్నెలు, ఒంటెలు, ఖర్జూరపుచెట్లు నిలుచును. ఈ ఎడారి అట్టిది కాదు. ఏటికి పది అంగుళములకంటె తక్కువ వాన కురియు ప్రదేశమును ఎడారి యందురు. మా అనంతపురము దేశమునందలి మిక్కిలి మెట్టజిల్లాలలో నొకటియని పేరు మోసినది గదా. అచ్చటను ఏట ఇరువది అంగుళములకు పైగా కురియును. ఫీనిక్సులో కురియునది ఏడెనిమిది అంగుళములే. కాలిఫోర్నియాలో మృత్యులోయ యని పేరుగల ఉద్యానవనమున రెండంగుళములు. ఆ లోయలో ఒకచోట నేల సముద్రమట్టమునకు 282 అడుగులు దిగువనున్నది. 1913 జూలై 10వ తేదీన అచ్చట 134 డిగ్రీల ఫారెన్‌హీటు వేడిమి నమోదైనది. భూమిమీద అధికారికముగ గుర్తింపబడిన అత్యధికోష్ణము అదియే.

ఇక విచిత్రమేమనగా, ఈ ఎడారిలో ఎండయు చలియు పక్కపక్కనే కాపురముండును. ఫీనిక్సు సముద్రమట్టమునకు 1,100 అడుగుల ఎత్తున నున్నది. అక్కడనుండి ఉత్తరముగ సుమారు 230 మైళ్లు పోయిన, గ్రాండ్ కాన్యన్ దక్షిణపుటంచు చేరుదుము. ఆ అంచు 7,000 అడుగుల ఎత్తు. అచ్చట దేవదారుజాతి వృక్షములు, శీతకాలమున మంచు. అంచునుండి క్రిందికి దిగినకొలది మరల ఎడారియే. లోయయడుగున అంచుమీదికంటె ఇరువది డిగ్రీలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు వేడిమి హెచ్చుగ నుండును. కొండ యెక్కునపుడు మొదట శ్రమ, పిదప సుఖము. ఈ లోయలో మొదట సుఖము, పిదప శ్రమ. దిగుట మన యిష్టము, ఎక్కుట తప్పనిసరి. ఈ ఒక్క సంగతి తెలియకపోవుటచేతనే ప్రతి యేటను ఎందరో అచ్చట ఆపదల పాలగుచున్నారు. మేమును ఆ జాబితాలో చేరితిమి.

మొదటియాత్రకు ప్రణాళిక యనునది లేదు. సెలవున్నది, కారున్నది, పోదమనుకొంటిమి. అంతియే. తెల్లవారుజామున బయలుదేరి, లోయ అంచు చేరి, ఉద్యానవనమువారి బస్సెక్కి, దక్షిణ కైబాబ్ అను కాలిబాటయొద్ద దిగితిమి. నేను, నా భార్య, అబ్బాయి, కోడలు, ఎనిమిదేండ్ల మనుమరాలు. ఆ బాటలో చుక్క నీరు దొరకదని, నీడ మిక్కిలి తక్కువయని ద్వారముకడనే బోర్డు వ్రాసియున్నది. మేము సీసాలతో నీరు మోసికొనిపోయితిమి. ఒక మైలు దిగినపిమ్మట అబ్బాయి ఆగి, "ఇంక చాలు నాయనా, వెనక్కు పోదాం" అనెను.

నేను వినలేదు. దానికొక కారణమున్నది. ఆ లోయయడుగున నల్లని శిలలున్నవి. వానికి విష్ణుశిలలని పేరు. అవి సుమారు 170 కోట్ల సంవత్సరములనాటివి. పందొమ్మిదవ శతాబ్దిలో క్లారెన్స్ డటన్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ లోయలోని శిఖరములను చూచి, ఇవి తూర్పుదేశపు దేవాలయములవలె నున్నవని తలచి, ఒకదానికి విష్ణ్వాలయమని, మరియొకదానికి శివాలయమని నామకరణము చేసెను. ఆ పేరే క్రమముగ అడుగున నున్న శిలలకును సంక్రమించినది. ముప్పదిరెండేండ్లు పాఠము చెప్పినవాడను. ఆ శిలను కొంచెము దగ్గరగ చూడవలెనని నా ఆశ. "ఇంకొక మలుపు" అంటిని. ఆ మలుపు పిమ్మట మరియొక మలుపు. అట్లు ఇంకొక అరమైలు దిగితిమి. అంచునుండి వెయ్యి అడుగులకు పైగా క్రిందికి వచ్చితిమి. విష్ణుశిల నేను కోరినట్లు కనబడనే లేదు.

తిరుగుప్రయాణమున నా భార్య తడబడసాగెను. మాటిమాటికి నీరు త్రాగుచునే యున్నది. అయినను తలనొప్పి, వాంతి. కొంతసేపటికి నావైపు చూచి, "ఏమండీ, గేటుకు తాళం వేసినారా?" అని అడిగెను. ఆమె అడిగినది అనంతపురములోని మా యింటి గేటును గూర్చి. నా కాళ్లలో వణకు పుట్టెను. దారిని పోవుచున్న ఒక కుటుంబమువారు ఆగి, తడిగుడ్డ కప్పి, ఒక బండరాతి నీడకు చేర్చిరి. వారిలో నొకరు పైకి పోయి రేంజరును పిలిచికొనివచ్చిరి. రేంజరు అనగా ఉద్యానవనరక్షకుడు. ఆయన మొదట అడిగినది, ఎంత నీరు త్రాగినదని కాదు. ఉదయమునుండి ఏమి తిన్నదని. చెమటతో ఉప్పు పోవుచుండగా ఆహారము లేక ఒట్టి నీటినే త్రాగుచున్నచో రక్తములో ఉప్పు పలుచబడి మతి చలించునని ఆయన వివరించెను. ఉప్పుబిస్కత్తులు కొంచెము కొంచెముగ తినిపించిరి. ఒకటిన్నర మైలు ఎక్కుటకు నాలుగుగంటలు పట్టినది. ఆ రాత్రి వైద్యశాలలో నుంచి, మరునాడు ఇంటికి పంపిరి.

శ్రోతలారా, ఆ దినము ఏకాదశి. నా భార్య ఉపవాసమున్నది. కోడలు పెట్టిన ఉప్మా ఆమె ముట్టలేదు, కాఫీ వద్దన్నది. అబ్బాయి కారు నడుపు తొందరలో నుండెను గనుక గమనింపలేదు. నేను గమనించితిని. నాకు తెలిసియుండియు నోరు మెదపలేదు. చెప్పినచో యాత్ర ఆగిపోవునని భయపడితిని. రేంజరు అడిగినప్పుడు మాత్రము, ఏమియు తినలేదని చెప్పితిని. నాకు ఉదయమే తెలియునని చెప్పలేదు.

ఆ తరువాత మేము స్వదేశమునకు తిరిగివచ్చితిమి. అబ్బాయి వారమువారము ఫోనులో మాట్లాడుచుండెడివాడు గాని, ఆ దినముమాట ఎత్తెడివాడు కాడు. ఒక్కసారి మాత్రము, "నేను నీళ్లు చాలినన్ని తేలేదు నాయనా, లెక్క తప్పినాను" అనెను. నేను అప్పుడును మౌనమే వహించితిని. పదునాలుగు నెలలు ఆ నేరమును వాడు మోసెను. నేను మోయనిచ్చితిని.

2024 ఆగస్టులో మేము మరల ఫీనిక్సు చేరితిమి. మనుమరాలు నాలుగవ తరగతిలో చేరినది. ఆ దేశమున నాలుగవ తరగతి చదువు పిల్లలకు ఒక సంవత్సరకాలము జాతీయోద్యానవనములలో ఉచితప్రవేశపత్రము లభించును. ఆ పత్రముతో ఆ బిడ్డయున్న కారులోని కుటుంబమంతయు లోనికి పోవచ్చును. అది ఆ పత్రమును తెచ్చి భోజనపుబల్లమీద పెట్టి, "తాతా, ఈసారి మనందరినీ నేను తీసుకుపోతా" అనెను. బల్లచుట్టును నిశ్శబ్దము. అబ్బాయి లేచి చేయి కడుగుకొనెను.

వాడు కాదనలేదు. రెండు దినములపిమ్మట తానే ఒక ప్రణాళిక తయారుచేసి తెచ్చెను. దానిని చూచి నేను నివ్వెరపోతిని. ఆరు దినములలో ఏడు ఉద్యానవనములు: గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్ కాన్యన్, కాపిటల్ రీఫ్, కాన్యన్‌లాండ్స్, ఆర్చెస్, పెట్రిఫైడ్ ఫారెస్ట్. ఎక్కడను నడక లేదు. అన్నియు కారుకిటికీలోనుండి చూచుటయే. ప్రతిదినమును ఏడెనిమిది గంటల ప్రయాణము. ఎక్కడ ఎన్ని నీటిసీసాలు కొనవలెనో గంటలవారీగ వ్రాసియున్నాడు. "అమ్మ కారు దిగే పనే ఉండదు" అనెను. అది యాత్రాప్రణాళిక కాదు. భయము వ్రాసిన కాగితము. తల్లిని మరల ఎండలో నిలుపకుండుటకు వాడు ఎడారినంతయు పరుగున దాటించబూనెను.

అప్పుడు నేను చెప్పితిని. ఆనాడు ఏకాదశియని, నాకు తెలియునని, విష్ణుశిలమీది ఆశచే దాచితినని, నీరు తక్కువయై కాదని చెప్పితిని. అబ్బాయి చాలసేపు కాగితమువైపే చూచుచుండెను. కోపపడునేమో యనుకొంటిని. "ఈమాట అప్పుడే చెప్పింటే..." అని మాత్రమనెను. వాక్యము పూర్తిచేయలేదు. నా భార్యయే అందుకొని, "నేనూ చెప్పలేదు కదరా. చెబితే నువ్వు వెనక్కు తిప్పేవాడివి. మీ నాయన మొహం చూసి ఊరుకున్నాను" అనెను. కోడలు నాలుగు గ్లాసులతో మజ్జిగ తెచ్చి పెట్టెను. ఏడు ఉద్యానవనముల కాగితమును మనుమరాలు తిరగవేసి, వెనుక ఖాళీపుటమీద అంకెలు వేయసాగెను. ఆ పుటమీద మేము ఐదుగురము కలిసి వ్రాసికొనిన విషయములను ఇక మీకు వరుసగ చెప్పెదను.

మొదటిది ఋతువు. ఎడారికి వేసవి కాలము కాదు. మార్చినుండి మే వరకు, సెప్టెంబరు చివరనుండి నవంబరు వరకు అనువైన కాలము. జూలై, ఆగస్టు నెలలలో ఎండతోపాటు ఉరుముల వానలును వచ్చును. ఎచ్చటనో పదిమైళ్ల దూరమున కురిసిన వాన, మన తలమీద ఆకాశము నిర్మలముగ నుండగనే, ఇరుకులోయలో వరదయై పైబడును. కావున మేము పాఠశాలకు శరత్కాలపు సెలవులు వచ్చు అక్టోబరును ఎంచుకొంటిమి.

రెండవది స్థలముల సంఖ్య. ఏడింటిని మూడు చేసితిమి: గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్. ఇందు నా భూగోళశాస్త్రము ఉపయోగపడినది. ఈ మూడును వేరువేరు స్థలములు కావు. ఒకే గ్రంథముయొక్క మూడు సంపుటములు. గ్రాండ్ కాన్యన్‌లో అన్నిటికంటె పైనున్న పొర జయాన్‌లో అన్నిటికంటె అడుగున నున్నది. జయాన్‌లో పైనున్న పొర బ్రైస్‌లో అడుగున నున్నది. దక్షిణమునుండి ఉత్తరమునకు పోవుట యనగా మెట్లెక్కుచు కాలములో పైకి వచ్చుటయే. ఆ ప్రదేశమునకు మహాసోపానమను అర్థము వచ్చు పేరు గలదు. ఏడు చూచి ఏమియు జ్ఞాపకముంచుకొనకపోవుటకంటె, వరుసగల మూడు చూచుట మేలని అబ్బాయియు ఒప్పుకొనెను.

మూడవది దూరము. దినమునకు ఐదుగంటలకు మించి కారు నడుపరాదని వ్రాసికొంటిమి. ఎడారిలో దూరములు మోసగించును. గ్రాండ్ కాన్యన్ దక్షిణపుటంచునుండి ఉత్తరపుటంచునకు పక్షి ఎగిరిన పదిమైళ్లు; కారులో రెండువందల మైళ్లకు పైగా చుట్టు. పొద్దుగ్రుంకునప్పటికి బస చేరవలెను. ఏలయన, సంధ్యవేళ ఎల్క్ అను పెద్ద దుప్పులు రోడ్డుమీదికి వచ్చును. ఒక్కొక్కటి మిక్కిలి బరువైనది.

నాలుగవది నీరు, ఉప్పు. మనిషికి దినమునకు ఒక గాలను, అనగా సుమారు నాలుగు లీటర్లు, కారులో ఎల్లప్పుడు నుండవలెను. అది త్రాగుటకే కాదు. కారు చెడి రోడ్డుప్రక్క నిలిచిపోయినచో కాపాడునదియు అదియే. అట్లు నిలిచిపోయినప్పుడు కారును విడిచి నడచిపోరాదు. నీటితోపాటు ఉప్పుగల ఆహారము. ఇందులో మనకు అమెరికావారు నేర్పవలసినదేమియు లేదు. మా సీమలో వేరుసెనగచేనిలో పనిచేయు కూలి ఒట్టి నీళ్లు త్రాగడు. ఉప్పు వేసిన మజ్జిగ త్రాగును, సంగటితో ఊరుమిరపకాయ నంజుకొనును. నా భార్య పులిహోర, జంతికలు, ఉప్పుసెనగలు, పెరుగుడబ్బాలు సిద్ధముచేసెను. "చిన్నప్పటినుంచి చేనికి మజ్జిగ మోసినదాన్ని. ఆరోజు నా బుద్ధి ఏమైందో" అని నవ్వెను. ఆ దినముమాట చెప్పి ఆమె నవ్వుట అదియే మొదలు.

ఐదవది పెట్రోలు, పటము. టాంకు సగమునకు దిగినచోటనే నింపుకొనవలెను. మరల పెట్రోలు బంకు యాభైమైళ్లకు గాని రాకపోవచ్చును. సెల్‌ఫోను చాలచోట్ల పనిచేయదు. కావున కాగితపు పటము కొంటిమి. దానిని చదువు బాధ్యత నాది. నాకు సహాయకురాలు మనుమరాలు.

ఆరవది గడియారము. వేసవికాలమున అమెరికాలో గడియారములను ఒక గంట ముందుకు జరుపుదురు. నవంబరు మొదటివరకు అట్లే యుంచుదురు. అరిజోనా రాష్ట్రము 1968 నుండి ఆ పని చేయుటలేదు. ఉత్తరముననున్న యూటా రాష్ట్రము చేయును. అరిజోనాలోనే ఉన్నను నవాహో జాతివారి భూమిలో మాత్రము జరుపుదురు. గ్రాండ్ కాన్యన్‌నుండి జయాన్‌కు పోవు ఒక్క దినముననే మా చేతిగడియారమునకు, కారు గడియారమునకు, ఫోనుకు తగవు వచ్చును. గంట పోవు దినమున తక్కువ పని పెట్టుకొంటిమి.

ఏడవది విచారణ. ప్రవేశరుసుములు ఆ దేశపు నివాసులకు, పరదేశపు సందర్శకులకు వేరువేరుగ నుండును, నిబంధనలును మారుచుండును. జయాన్‌లో ప్రధానమైన లోయలోనికి, బస్సులు నడచు కాలమున సొంతకార్లను పోనీయరు. 2000 సంవత్సరమునుండి ఉద్యానవనమువారి బస్సులే త్రిప్పుచున్నవి. ఎల్లకాలము ఉండుననుకొనినది ఉండకపోవచ్చును. గ్రాండ్ కాన్యన్ ఉత్తరపుటంచున 1928లో వెలసి, ఒకసారి కాలి, 1937లో మరల కట్టబడిన సుప్రసిద్ధమైన వసతిగృహము 2025 జూలైలో అడవిమంటలకు మరల దగ్ధమైనది. కావున ముందుగ అడుగవలెను; చేరినపిదపను అడుగవలెను. ప్రతి ఉద్యానవనద్వారమునకు చేరువను ఒక సమాచారగృహముండును. అందులో టోపీ పెట్టుకొని నిలుచుండు రేంజరుకంటె ఉత్తమమైన గైడు లేడు.

ఎనిమిదవది మా కోడలు వ్రాసినది. ప్రతిరాత్రి పండుకొనబోవునప్పుడు అందరును వరుసగ చెప్పవలెను: రేపు నా ఆరోగ్యమెట్లున్నది, నాకు ఉపవాసమున్నదా, మోకాలు నొచ్చుచున్నదా, నిదుర పట్టినదా. పెద్దవారికి మినహాయింపు లేదు. "మీతోనే మొదలు మామయ్యా" అనెను.

విజయదశమినాడు బయలుదేరితిమి. మనకు జమ్మిపూజ ఉన్నది గదా. ఫీనిక్సులో జమ్మి ఎక్కడిదని కోడలు విచారించెను. నేను వీధిచివరనున్న మెస్క్వీటు చెట్టును చూపితిని. ఆ ఎడారికి సొంతమైన చెట్టు అది. మన జమ్మికి దగ్గరి చుట్టము. ఆకును, ముల్లును, కాయను చూచిన అక్కచెల్లెండ్ర పోలిక తెలియును. రెండును వాననమ్ముకొనక వేళ్లను పాతాళమునకు పంపి బ్రదుకునట్టివి. దానికి ప్రదక్షిణము చేసి కారెక్కితిమి.

విజయదశమి మరునాడు ఏకాదశి. ఆ రాత్రి బసలో నా భార్య తన వంతు రాగానే, "రేపు నాకు ఉపవాసం. పాలూ పండ్లూ తీసుకుంటాను, ఉప్పు మజ్జిగ తాగుతాను. నడవను" అనెను. మేము ఆ దినమునకు ముందే నడక వ్రాయలేదు. పంచాంగమును పటముప్రక్క పెట్టి దినములు కూర్చితిమి గనుక.

ఆ ఉదయము లోయ అంచుననే యున్న యావపాయ్ అను చోటికి పోయితిమి. అచ్చట భూగర్భశాస్త్రమునకు సంబంధించిన చిన్న ప్రదర్శనశాల యున్నది. దాని అద్దపుకిటికీలయొద్ద కుర్చీ వేసికొనవచ్చునంత దగ్గరనుండి లోయ కనబడును. ఎదుట పలకమీద శిలల పేర్లు గీచియున్నారు. నేను వ్రేలితో వెదకుచు క్రిందికి చూచితిని. అడుగున సన్నని నది. దాని ఇరుప్రక్కల నల్లగ, నిలువుగ చీలిన రాతిగోడలు. విష్ణుశిలలు. ఒక్క అడుగైన క్రిందికి దిగకుండ, నీడలో నిలుచుండి చూడగలిగినదానికొరకు నేను ఆనాడు ఉపవాసమున్న మనిషిని ఎండలో వెయ్యి అడుగులు దించితిని. ముందుగ ఒకరిని అడిగియున్న తెలిసియుండెడిది.

ఆ ప్రదర్శనశాలనుండి అంచువెంబడి చదునైన బాట యొకటి పోవును. దానికి కాలపథమని అర్థము వచ్చు పేరు. ఒక్కొక్క మీటరు పదిలక్షల సంవత్సరములకు గుర్తు. లోయలోని ఒక్కొక్క పొరనుండి రాళ్లను తెచ్చి, ఆయా కాలములకు సరిపడుచోట బాటప్రక్క నిలిపినారు. తాకవచ్చును. కొంతదూరము బస్సులో పోయి, కొన్ని అడుగులు మాత్రము వేసి, విష్ణుశిలయొద్ద ఆగితిమి. నా భార్య చెప్పులు విడిచి, ఆ నల్లరాతిమీద అరచేయి ఉంచి కొంతసేపు నిలుచుండెను. "చల్లగా ఉందండీ" అనెను. అంతకు మించి ఏమియు అనలేదు. అబ్బాయి కొంచెము దూరమున గొడుగు పట్టుకొని నిలుచుండెను. పిదప వాడును వచ్చి తల్లిచేతిప్రక్కనే తన చేయి పెట్టెను.

జయాన్‌లో నదీతీరపు చదునైన బాటను ఒక మైలు నడచితిమి. రెండుప్రక్కల వేయి అడుగులకు మించిన ఎఱ్ఱని గోడలు. అవి ఒకప్పుడు ఇసుకతిన్నెలే, గట్టిపడి రాయియైనవి. బ్రైస్‌లో 8,000 అడుగుల ఎత్తున, తెల్లవారుజామున పండ్లు కొట్టుకొను చలిలో, వేలకొలది రాతిస్తంభములు ఎండకు ఎఱ్ఱబారుట చూచితిమి. సంవత్సరములో సగమునకు దగ్గరగ రాత్రులు రాతిపగుళ్లలోని నీరు గడ్డకట్టి, పగలు కరగి, ఆ స్తంభములను చెక్కుచున్నది. మనుమరాలు మూడు ఉద్యానవనములలోను బాలరేంజరుల పుస్తకములు పూర్తిచేసి, కుడిచేయి ఎత్తి ప్రమాణము చేసి, మూడు బిళ్లలు సంపాదించెను. తిరిగివచ్చునప్పుడు నాలుగువందల మైళ్లకు పైగానున్న దారిని ఒకేదినమున ముగింపక, ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఒక రాత్రి ఆగితిమి.

మన కడపజిల్లాలో గండికోటయొద్ద పెన్న ఎఱ్ఱమలకొండలను చీల్చుకొని పోవును. దానిని చూచుటకు అమెరికా పోనక్కరలేదు. ఈ సంక్రాంతికి మా అబ్బాయి కుటుంబముతో వచ్చినప్పుడు అక్కడికే పోయితిమి. ఒకే దినపు ప్రయాణము, తెలిసిన ఊళ్లు, తెలిసిన భాష. ప్రణాళిక ఎందుకని నేను అనుకొంటిని. ముందురాత్రి భోజనములైనపిమ్మట అబ్బాయి పటము మడచి ప్రక్కన బెట్టి, నావైపు తిరిగి, "రేపటికి ఎవరి సంగతేమిటి? నాయనా, నీతోనే మొదలు" అనెను. నా ఎడమ మోకాలు రెండు దినములనుండి నొచ్చుచున్నదని చెప్పితిని.